బండి మీద రాసిన బరువు ఎవరు మోస్తున్నారు?

(నందవరంలో డ్రైవర్లు, హమాలీలు, సుగ్గి కూలీలు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీటింగంటే భూమి గురించి, హాస్టళ్ళ గురించి, కేసుల గురించి చెబుతారని మీరు వచ్చినారు. ఈ పొద్దు మేము లారీ బరువు గురించి, డ్రైవింగు లైసెన్సు గురించి మాట్లాడతాం. "ఇదేం విషయమప్పా, ఇది ఆర్టీఓ ఆఫీసు ముందర కూర్చునే బ్రోకరు చెప్పే మాట కదా" అని కొందరు అనుకోవచ్చు. బ్రోకరు చెప్పడు. మనకు తెలిస్తే వానికి గిరాకీ ఉండదు.

మన గేరీల్లో ఒకసారి లెక్క తీయండి. తుంగభద్ర పక్కనే పారుతుంది, ఆ నీళ్ళు పారే చేను మనవాళ్ళలో ఎంతమందికుంది? చేను లేనోని కొడుకు ఏమవుతున్నాడు? ఒకడు ఆదోని మార్కెట్టులో పత్తి బోరాలు మోస్తాడు. ఒకడు క్లీనరుగా బండెక్కి, పదేళ్ళకు స్టీరింగు పడతాడు. ఆడకూతుళ్ళు సుగ్గి వచ్చిందంటే మూట నెత్తిన పెట్టుకొని బొలెరో వెనకాల నిలబడతారు. లారీకి సరుకు ఎత్తేది మనం, నడిపేది మనం, దాని వెనక నిలబడి పోయేదీ మనమే. లారీ మాత్రం మనది కాదు. ఇక్కడినుంచే మన మాట మొదలవుతుంది.

లారీ పక్కన బాడీ మీద పెయింటుతో ఇంగ్లీషు అక్షరాలు, వాటి ఎదురుగా అంకెలు రాసి ఉంటాయి. రోజూ చూస్తుంటారు. యు.డబ్ల్యు. అంటే ఖాళీ బండి బరువు. ఆర్.ఎల్.డబ్ల్యు. అని గానీ జి.వి.డబ్ల్యు. అని గానీ ఉంటే అది నిండు బండి బరువు. బండి, డీజిలు, డ్రైవరు, క్లీనరు, సరుకు అంతా కలిపి ఇంతకు మించగూడదని ప్రభుత్వం రాసిన లెక్క అది. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే ఎంత సరుకు వేయాలో తెలుస్తుంది. రెండో తరగతి పిల్లోడు చేసే తీసివేత. ఇదే అంకెలు ఆర్సీలో కూడా ఉంటాయి. ఒక్కొక్క ఇరుసు మీద ఎంత బరువు పడాలో అదీ ఉంటుంది.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ బరువులు పెంచింది. ఆరు టైర్ల లారీకి 16.2 టన్నులున్న నిండు బరువు 18.5 అయ్యింది. పది టైర్ల లారీకి 25 టన్నులున్నది 28.5 అయ్యింది. పెద్ద ట్రాలీ బండ్లకు 49 నుంచి 55 దాకా పోయింది. మన బండికి ఎంత అనేది మాత్రం పేపరులో చూసి చెప్పగూడదు, ఆ బండి ఆర్సీలో చూసే చెప్పాల. ఒక్క రాతతో పది టైర్ల బండికి మూడున్నర టన్నుల సరుకు పెరిగింది. బాడుగ టన్నుకింత అని మాట్లాడతారు కాబట్టి సావుకారికి బాడుగ పెరిగింది. డ్రైవరు బత్తా ట్రిప్పుకింత. అది టన్నుల్లో పెరగదు. హమాలీ నడుము మీద మాత్రం టన్నుల్లోనే పడింది.

అయినా ఆ పెరిగిన బరువుకైనా కట్టుబడినారా? లెక్క వేద్దాం. పది టైర్ల బండి ఖాళీగా పది టన్నులనుకుందాం. నిండు బరువు 28.5. సరుకు 18.5 టన్నులు వేయాల. ఇసుకో కంకరో 28.5 టన్నులు పోసినారు. సరుకే నిండు బరువంత అయ్యింది. పది టన్నులు ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. అంటే 40 వేలు. మునుపు ఇది 2 వేలు, టన్నుకు వెయ్యి. కాటా వేయడానికి బండి ఆపకుండా పోతే 40 వేలు వేరే. పత్తి లారీకి బరువు తప్పు పడకపోవచ్చు, పత్తి తేలిక. కానీ బోరాలు బాడీ దాటి పక్కలకు పొంగితే, ఎత్తు మించితే, దానికీ 20 వేలు అదే సెక్షనులో ఉంది.

రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపినప్పుడు కిందికి దిగేది ఎవరు? డ్రైవరు. కాగితం మీద సంతకం ఎవరిది? డ్రైవరుది. సావుకారి ఫోనులో ఉంటాడు, "నువ్వెందుకు ఆ రోడ్డున పోయినావురా" అని తిడతాడు. తప్పు కట్టి, ఆ డబ్బు జీతంలో కోస్తాడు. వాడు పోయమన్న ఇసుకకు మన పిల్లోడు జీతం కట్టాల. ఇది ఏ చట్టంలో ఉంది?

చట్టంలో లేదు. 194వ సెక్షను చదివి చూడండి. బరువు మించి బండి నడిపినవాడని మాత్రమే లేదు అందులో. నడిపినవాడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు అని ముగ్గురిదీ ఉంది. నడిపించినోడు సావుకారి. సరుకు ఎక్కువ పోయించి పంపినోడు కూడా ఆ మాట కిందికి వస్తాడు. చట్టం మూడు వేళ్ళు చూపిస్తే రోడ్డు మీద ఒక్క వేలే కనిపిస్తుంది, అదీ మన వైపే. కాబట్టి కేసు రాసేటప్పుడు డ్రైవరు అడగాల్సిన మాట ఒకటే: "సార్, ఓనరు పేరు కూడా రాయండి, సరుకు పంపినోళ్ళ పేరు కూడా రాయండి, లోడింగు చీటీ ఇదిగో." చీటీ లేకుండా బండి తీయొద్దని మేము చెప్పేది ఇందుకే. కాటా చీటీ మీ జేబులో ఉంటే అది మీ సాక్షి.

ఇంకొకటి ఉంది. తప్పు కట్టేస్తే అదే లోడుతో పోవచ్చని చానామంది అనుకుంటారు. కొన్ని రాష్ట్రాలు ఒకప్పుడు ముందే డబ్బు కట్టించుకొని ఓవర్‌లోడుకు కార్డులు కూడా ఇచ్చినాయి. వాటిని గోల్డు కార్డులన్నారు. 2005 నవంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. తప్పు కట్టినా ఎక్కువ సరుకు దింపాల్సిందే. అధికారి రాతపూర్వకంగా ఆర్డరిచ్చి దింపించాల. దింపకుండా డబ్బు తీసుకొని పంపినాడంటే ఆ డబ్బు యాడికి పోయిందో మీకే తెలుసు.

దింపాలని ఎందుకు చెప్పినారో డ్రైవర్లకు మేము చెప్పనక్కరలేదు. బ్రేకు ఆ నిండు బరువుకే చేసి ఉంటుంది. దిగుడులో పది టన్నులు ఎక్కువుంటే కాలు బ్రేకు మీద ఉంటుంది, బండి ముందుకే పోతుంది. కమాన్ కట్టలు విరిగేది, టైరు పగిలేది అందుకే. రోడ్డు సంగతి కూడా చూడండి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్లు వేసి, వాటి మీద రాత్రింబగళ్ళు లారీలు తిప్పి పరీక్ష చేసినారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలతో ఆగదు, దాదాపు పదహారింతలవుతుందని తేలింది. మన ఊళ్ళ రోడ్డు ఏడాది తిరక్కుండా గుంతలు పడితే కాంట్రాక్టరును తిడతాం. తిట్టాల్సిందే. రాత్రిపూట పోయే టిప్పర్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

ఓవర్‌లోడు బండికి తప్పుతో అయిపోదు. ఓవర్‌లోడుకు, సరుకు బండిలో మనుషులను ఎక్కించినందుకు డ్రైవరు లైసెన్సు సస్పెండు చేయవచ్చు. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో కనీసం మూడు నెలలు సస్పెండు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. మూడు నెలలు బండి సావుకారికి ఇంకో డ్రైవరు దొరుకుతాడు. మన పిల్లోనికి మూడు నెలలు పొయ్యి ఎట్ల వెలుగుతుంది?

ఇప్పుడు ఆ లైసెన్సు మాటకు వద్దాం. దీని మీద మేము కొంచెం ఎక్కువ మాట్లాడతాం, ఎందుకంటే ఇది మా బడి గుమ్మం దాకా వచ్చిన విషయం.

2007లో కేంద్రం ఒక నిబంధన పెట్టింది. సరుకు బండి, బస్సు, ఆటో ఏది నడపాలన్నా, అంటే ట్రాన్స్‌పోర్టు లైసెన్సు కావాలంటే, ఎనిమిదో తరగతి పాసై ఉండాల. 2019లో తీసేసినారు. మధ్యలో పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళలో ఎవరికి నష్టమైంది? ఎనిమిది పాసవడం పెద్ద విషయం కాదనుకునే ఇళ్ళకు ఏమీ కాలేదు. ఆ ఇళ్ళ పిల్లోళ్ళు లారీ నడపరు, లారీ కొంటారు. మా ఇంట్లో మాకంటే ముందు బడి మెట్టెక్కినోళ్ళు లేరు. ఎనిమిదో తరగతి అంటే ఎంత ఎత్తో మాకు తెలుసు. మన పడమటి మండలాల్లో సుగ్గి కాలం రాగానే పిల్లోడు అమ్మానాయన వెంట పోతాడు. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. రెండేళ్ళు అట్లయితే మూడో ఏడు వాడు బడికి రాడు.

అట్లాంటి పిల్లోడే క్లీనరైనాడు. టైరు మార్చినాడు, గ్రీజు పూసినాడు, రాత్రిళ్ళు డ్రైవరుకు నిద్ర రాకుండా మాట్లాడుతూ కూర్చున్నాడు, ఖాళీ మైదానంలో రివర్సు నేర్చుకున్నాడు. ఇంజను శబ్దం విని జబ్బు చెబుతాడు. వాడు మా దగ్గరికొచ్చి చేతులు కట్టుకొని "సార్, ఎనిమిది పాసని ఒక రికార్డు షీటు ఇయ్యండి సార్" అన్నాడు. ఐదులో మానేసినోనికి ఎనిమిది పాసని మేము ఎట్ల రాస్తాం? రాయలేదు. అట్లా వెనక్కి పోయినోళ్ళలో కొందరు జీవితాంతం క్లీనర్లుగానే ఉండిపోయినారు. కొందరు వేలు పోసి బ్రోకరు దగ్గర దొంగ సర్టిఫికెట్టు కొన్నారు. దొంగ సర్టిఫికెట్టుతో వచ్చిన లైసెన్సు జేబులో పామున్నట్టే. యాక్సిడెంటు కానంత వరకు పడుకొని ఉంటుంది. అయిన రోజు లేస్తుంది.

రోడ్డు గుర్తులు చదవాలంటే చదువుండాలని అప్పట్లో వాదించినారు. రోడ్డు గుర్తుల్లో ఎక్కువ బొమ్మలే కదప్పా! వంపు బొమ్మ, పశువు బొమ్మ, రైలు బొమ్మ. చదువు రానోళ్ళకు కూడా అర్థం కావాలనే బొమ్మ గీసినారు. ఆఖరికి 2019లో ప్రభుత్వమే, డ్రైవింగు అనేది నైపుణ్యం, చదువు షరతు బీదలకు పని లేకుండా చేస్తోందని ఒప్పుకొని తీసేసింది. హర్యానాలో మేవాత్ అనే వెనుకబడిన ప్రాంతం ఉంది, అక్కడ చాలామందికి డ్రైవింగే బతుకు. వాళ్ళకోసం హర్యానా ప్రభుత్వం అడిగింది. మన పడమటి కర్నూలు కోసం ఎవరడిగినారు?

చదువు వద్దని మేము చెబుతున్నామనుకోవద్దు. మేము బడి పంతుళ్ళం. ఆర్సీ మీద అంకె చదవలేని డ్రైవరును మోసం చేయడం సుళువు. మేము అనేది, చదువు చెప్పించని ప్రభుత్వం చదువు లేదని పని తీసేయగూడదని. ఇప్పటికీ ఎనిమిది పాసు కావాలని ఎవరైనా బ్రోకరు మీ దగ్గర డబ్బు అడిగితే, ఆ నిబంధన పోయి ఏళ్ళయిందని మొహం మీదనే చెప్పండి.

లైసెన్సుకు ఇప్పుడు కావాల్సింది ఇది. కారు, జీపు లాంటి చిన్న బండ్ల లైసెన్సుకు, అంటే ఎల్.ఎం.వి.కి, పద్దెనిమిదేళ్ళు నిండాల. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఇరవై నిండాల, చిన్న బండి లైసెన్సు తీసుకొని ఏడాది అయ్యుండాల. డాక్టరు సర్టిఫికెట్టు కావాల. డ్రైవింగు స్కూలు వాళ్ళిచ్చే ఐదో నంబరు ఫారం కావాల. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు మునుపు మూడేళ్ళకు రెన్యూవలు, 2019 సవరణ తర్వాత ఐదేళ్ళకు. గడువు అయిపోయినాక ముప్పై రోజులు చెల్లుతుందనే సౌకర్యం మునుపుండేది, దాన్ని కూడా అప్పుడే తీసేసినారు. గడువు దాటిన మరుసటి రోజు నుంచి మీకు లైసెన్సు లేనట్టే. ఏడాది దాటితే మళ్ళీ పరీక్షే. తెలంగాణలో పోలీసు డ్రైవరు ఉద్యోగాల కేసులో 2025లో సుప్రీంకోర్టు, తర్వాత రెన్యూవలు చేయించుకున్నా మధ్యలో ఉన్న ఖాళీ ఖాళీయే అని చెప్పింది. సర్కారు డ్రైవరు ఉద్యోగం మీద ఆశ ఉన్న తమ్ముళ్ళు కార్డు మీద తేదీ ఈ పొద్దే చూసుకోండి.

ఇంక ఏడున్నర టన్నుల మాట. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన అంకె: 7,500 కిలోలు. నిండు బరువు 7,500 కిలోలకు మించని బండి చట్టం లెక్కలో చిన్న బండి. ఆటో, టాటా ఏస్, బొలెరో పికప్పు అన్నీ అందులోకే వస్తాయి. మరి ఎల్.ఎం.వి. లైసెన్సు మాత్రమే ఉన్నోడు బాడుగకు ఈ చిన్న సరుకు బండి నడిపితే? యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు కంపెనీలు "వీనికి ట్రాన్స్‌పోర్టు అని లేదు, మేము కట్టం" అని కోర్టుల్లో ఏళ్ళతరబడి కొట్లాడినాయి. 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిలు, ఎల్.ఎం.వి. ఉంటే చాలు, వేరే ట్రాన్స్‌పోర్టు రాత అక్కరలేదన్నారు. కంపెనీలు ఊరుకోలేదు. 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. ఇట్లాంటి లైసెన్సున్న డ్రైవర్ల వల్లే యాక్సిడెంట్లు పెరిగినాయనడానికి లెక్కలేమీ చూపలేదని కూడా ఆ తీర్పులో చెప్పినారు. ఇది మన చిన్న బండ్ల డ్రైవర్లకు పెద్ద రక్ష. అయితే ఒక జాగ్రత్త. ఐచర్ లాంటి బండ్లలో ఏడున్నర టన్నుల లోపువి ఉన్నాయి, పదకొండు పన్నెండు టన్నులవీ ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఒకటే మాదిరి. ఏడున్నర దాటిందంటే ఎల్.ఎం.వి. పనికిరాదు. బండి ఎత్తు చూసి ఎక్కొద్దు, ఆర్సీలో అంకె చూసి ఎక్కండి.

అమెరికాలో కూడా ఇట్లాంటి గీత ఉంది. అక్కడ 26,001 పౌండ్లు, మన లెక్కలో పదకొండు వేల ఎనిమిది వందల కిలోలకు దగ్గర, ఆ బరువు నుంచి పైకి సీడీఎల్ అనే వేరే లైసెన్సు. 1986లో చట్టం చేసినారు, ఒక డ్రైవరుకు ఒకే లైసెన్సు ఉండాలని. అక్కడ లారీ నడిపే తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని ఇక్కడ ఎవరూ "డ్రైవరుగాడు" అనరు. బండి అదే, స్టీరింగు అదే.

సుగ్గికి పోయే అక్కలారా, ఇది మీ కోసం. మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు, పత్తి తీయడానికి తెలంగాణకు పోతారు. మేస్త్రీ బండి పంపుతాడు. ఎక్కువగా సరుకు బండే. పిల్లలు, బియ్యం మూటలు, కోళ్ళు, గిన్నెలు, వాటి మీద మనుషులు. ఆ బండి ఆర్సీలో కూర్చునే మనుషులు ఇద్దరో ముగ్గురో, అదీ ముందు క్యాబిన్లో. 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు, సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని తీర్పిచ్చింది. సరుకు సొంతదారుకో, అతని తరఫున సరుకు వెంట పోయే మనిషికో ఉంది. ఆ బండి పని కోసం పెట్టుకున్న కూలీకి పరిమితంగా ఉంది. కూలికి పోతూ వెనక ఎక్కిన మీకు లేదు. ట్రాక్టరు ట్రాలీకీ ఇదే గతి.

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపకాయలు కోయడానికి పోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది ఆడవాళ్ళు చనిపోయినారు. రెండున్నర నెలలకు, జూన్ 24న, యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడింది. పదిహేను మంది. ఎక్కువమంది కూలీలే. ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది, నాయకులు వచ్చి పోతారు. ఇంకో సుగ్గి వస్తుంది, ఇంకో ట్రాక్టరు వస్తుంది.

"బస్సుకు డబ్బులెవరిస్తారు సార్" అంటారు మీరు. మేస్త్రీ ఇయ్యాల. ఒప్పుకునేటప్పుడే కూలితోపాటు బస్సు చార్జీలు మాట్లాడండి. ముప్పైమంది ఒకే ఊరికి పోయేటప్పుడు బస్సు పెట్టమని డిపోలో గుంపుగా అడగండి. ఒక్కరడిగితే నవ్వుతారు, ముప్పైమంది అడిగితే రాసుకుంటారు. విధిలేక సరుకు బండే ఎక్కాల్సి వస్తే దాని నంబరు, మేస్త్రీ పేరు రాసి ఇంట్లో పెట్టిపోండి. ఇన్సూరెన్సు కట్టకపోయినా బండి ఓనరు మీద కేసు వేయొచ్చు. ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులూ ఉన్నాయి. నంబరు లేకుంటే ఏ కేసూ నిలవదు.

ఆఖరి మాట, పేరు అరువిచ్చే మాట. సబ్సిడీ లోను ఎస్సీ పేరు మీద వస్తుంది, బండి రెడ్డి ఇంటి ముందర నిలబడుతుంది. మన వానికి అయిదు వేలో పది వేలో చేతిలో పెడతారు. ఇది ఏ ఊళ్ళో లేదో చెప్పండి! తీసుకున్నోడు అదృష్టమనుకుంటాడు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే వాడే ఓనరు, యాక్సిడెంటు నష్టపరిహారానికి వాడే బాధ్యుడు. ఆ బండికి ఇన్సూరెన్సు కట్టకుండా రెడ్డి తిప్పి, ఎవరినో గుద్దితే, కోర్టు నోటీసు మన గేరికి వస్తుంది. లక్షల పరిహారం మన గుడిసె మీద రాస్తారు. ఓవర్‌లోడు తప్పులన్నీ ఆ నంబరు మీదే పడి, మన పేరు మీదే పెరుగుతుంటాయి. పదివేలకు పేరు అమ్మినోళ్ళు ఇక్కడ ఉంటే సిగ్గుపడి ఇంటికి పోవద్దు, ఆర్సీ నకలు తెచ్చి మాకు చూపించండి. ఇన్సూరెన్సు తేదీ, కట్టని తప్పులు ముందు చూద్దాం, తర్వాత పేరు ఎట్ల మార్పించాలో చూద్దాం.

ఇంక మాటలు చాలు. లైసెన్సులున్నోళ్ళు కార్డులు బయటికి తీయండి, గడువు తేదీలు చదువుదాం. ఆర్సీ జిరాక్సులు తెచ్చినోళ్ళు ఇటు కుడివైపు కూర్చోండి, బరువుల లెక్క అక్కడ వేద్దాం. క్లీనరు తమ్ముళ్ళలో ఇరవై నిండినోళ్ళు పేర్లు రాయించండి, ఎల్.ఎం.వి. ఉందో లేదో పక్కన రాయాల. సుగ్గి మేస్త్రీల పేర్లు, బండ్ల నంబర్లు అక్కలు చెబుతారు, రాసుకునే నోటుపుస్తకం ఇదిగో.